టీవీ కట్టేయమని ఎలా అడగాలి?

పియానో ట్యూనింగ్ మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక ఇది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో పియానో తక్కువ, ఇల్లు ఎక్కువ. టీవీ, ఫ్యాన్, వాక్యూమ్ క్లీనర్, చివరికి కుక్క కూడా. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం ఇంట్లో చప్పుళ్ళకే వదిలేశాను.

ప్రశ్న: మాస్టారూ, ట్యూనింగ్ నేర్చుకుని ఈమధ్యే సొంతంగా ఇళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టాను. నేర్చుకున్నచోట గది నిశ్శబ్దంగా ఉండేది. ఇళ్ళలో అలా కాదు కదా. ఒక ఇంట్లో నేను టెంపరమెంట్ (మిగతా మీటలన్నిటికీ ఆధారంగా మధ్యలోని స్వరాల్ని ముందు శ్రుతి చేయడం) పెడుతుంటే పక్కగదిలో వాక్యూమ్ క్లీనర్ నడిచింది. ఇంకో ఇంట్లో పెద్దాయన హాల్లో వార్తలు చూస్తూ కూర్చున్నారు. కొంచెం సౌండ్ తగ్గిస్తారా అంటే తగ్గించారు గానీ, కాసేపటికి మళ్ళీ మామూలే. గట్టిగా అడిగితే ఇంకోసారి పిలవరేమోనని భయం, అడక్కపోతే పని సరిగ్గా రాదు. ఈ టెన్షన్‌తోనే సగం అలసిపోతున్నాను. ఏం చేయమంటారు?
– ఒక కొత్త ట్యూనర్

జవాబు: ముందు భయం సంగతి చూద్దాం. కాసేపు టీవీ కట్టేయమన్నందుకు ట్యూనర్ని మార్చేసినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. శ్రుతి కుదరలేదని మార్చినవాళ్ళు మాత్రం బోలెడుమంది. కాబట్టి మొహమాటపడకుండా అడగండి. ఎప్పుడు అడుగుతున్నారు, ఏమని అడుగుతున్నారు అన్నదే చూసుకోవాలి.

పియానో ముందు కూర్చున్నాక అడిగితే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. ఆ పెద్దాయన కుర్చీలో సర్దుకున్నారు, వార్తలు మొదలయ్యాయి, మధ్యలో ఎవరో కొత్తవాళ్ళు వచ్చి కట్టేయమంటే ఎవరికైనా చిరాకే. టైము ఖాయం చేసుకునే ఫోన్లోనే చెప్పేయాలి. అదీ 'నిశ్శబ్దంగా ఉండాలండీ' అని ఊరుకుంటే లాభం లేదు. టీవీ వాల్యూమ్ సగానికి తగ్గించి, ఇంతకంటే నిశ్శబ్దం ఏముంటుంది అనుకుంటారు. నేను చెప్పేది ఇలా ఉంటుంది: "నాకు రెండు గంటలు పడుతుందండీ. అందులో మొదటి ముప్పావుగంట, చివరి పావుగంట పియానో ఉన్న గదిలోనూ పక్కగదిలోనూ టీవీ, ఫ్యాన్, వాక్యూమ్ ఏవీ ఉండకూడదు. మధ్యలో గంటసేపు మీ పనులు మీరు చేసుకోవచ్చు." ఎంతసేపో తెలిస్తే ఎవరైనా ఓర్చుకుంటారు. పిల్లలు కూడా. ఎంతసేపో చెప్పకుండా నోరు మూసుకోమంటేనే పేచీ.

ఆ ముప్పావుగంట, పావుగంట లెక్క ఊరికే చెప్పింది కాదు. ట్యూనింగ్‌లో అన్ని దశలకీ ఒకే రకం నిశ్శబ్దం అక్కర్లేదు. టెంపరమెంట్ పెట్టేటప్పుడు మనం వినేది స్వరాన్ని కాదు, రెండు స్వరాలు కలిసినప్పుడు పుట్టే బీట్స్‌ని, అంటే శబ్దం పెరిగి తగ్గే అలల్ని. ఎఫ్3, ఎ3 (అక్షరం స్వరం పేరు, అంకె అది ఎన్నో ఆక్టేవులో ఉందో చెబుతుంది) కలిపి నొక్కితే అవి సెకనుకు దాదాపు ఏడు. ఎ3, ఇ4 కలిపి నొక్కితే సెకనుకు ఒకటి కూడా నిండదు, ముప్పాతిక. అంత నెమ్మదైన అలని పట్టుకోవాలంటే మూడు నాలుగు సెకన్లు ఊపిరి బిగబట్టి వినాలి. సరిగ్గా అప్పుడే టీవీలో ఎవరో మాట్లాడతారు. మనుషుల మాటల్లో బలమంతా ఉండేది కూడా మనం బీట్స్ వినే ఎత్తుల్లోనే (ఫ్రీక్వెన్సీల్లోనే). అందుకే పక్కగదిలో టీవీ ఎంత తగ్గించి పెట్టినా టెంపరమెంట్‌కు అడ్డమే.

యూనిసన్లకు ఆ బాధ లేదు. ఒకే స్వరానికున్న మూడు తీగల్ని ఒకటి చేసేటప్పుడు, తేడా ఉంటే అది దానంతటదే చెవిలో పడుతుంది. కాస్త రొదలో కూడా తెలిసిపోతుంది. పియానోలో ఉన్న సుమారు 230 తీగల్లో ఎక్కువ పని ఈ యూనిసన్లే. వాళ్ళకు వదిలిపెట్టిన ఆ మధ్య గంటలో ఇవి చేసుకోండి. చివరి పావుగంట పై ఆక్టేవు కోసం. కొసన ఉన్న సి8 ఎత్తు 4,186 హెర్ట్జ్. అక్కడ తీగ మోగి ఆగిపోవడానికి రెప్పపాటు చాలు. కుళాయి నీళ్ళు, ఏసీ గాలి, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఇలా 'స్స్' మనే చప్పుళ్ళన్నీ ఆ చివర్నే మింగేస్తాయి.

మీరు వెళ్ళేసరికే వాక్యూమ్ నడుస్తుంటే? నడవనివ్వండి. పలకలు విప్పడం, లోపల దుమ్ము తీయడం, వదులైన స్క్రూలు బిగించడం, కిర్రుమనే పెడల్, అతుక్కుపోతున్న మీట చూడటం, ఇలా చెవితో పని లేనివి ఎన్నో ఉంటాయి. శ్రుతి బాగా దిగిపోయిన పియానో అయితే మొదటి విడత రఫ్ ట్యూనింగ్ కూడా ఆ చప్పుడులోనే కానిచ్చేయొచ్చు. ఎలాగూ అది నిలిచేది కాదు. తీగలన్నిటి బిగువూ కలిపితే 15 నుంచి 20 టన్నులు ఉంటుంది, ఒకచోట లాగితే ఇంకోచోట సడలుతుంది. ఈ పనులు జరుగుతున్నంతసేపూ నేను ఇంట్లోవాళ్ళని ఒక్క మాట అనను. మరో సంగతి కూడా మర్చిపోకండి. ఒకే మీటని టంగు టంగుమని వాయిస్తూ రెండు గంటలు కూర్చునేది మనం. ఆ పూట ఆ ఇంట్లో అందరికంటే పెద్ద చప్పుడు మనదే. పైగా ఇల్లు వాళ్ళది.

ఎంత బాగా మాట్లాడుకున్నా ఆగని చప్పుళ్ళు కొన్ని ఉంటాయి. పై అంతస్తులో డ్రిల్లింగు, వీధిలో జనరేటరు. అలాంటప్పుడు పనికొచ్చే కిటుకు ఒకటి చెబుతాను, ఇవాళే ఏ పియానో మీదైనా చేసి చూడండి. ఎఫ్3, ఎ3 మీటల్ని చప్పుడు కాకుండా మెల్లగా అదిమి అలాగే పట్టుకోండి. తీగ మోతని ఆపే డ్యాంపర్లు లేస్తాయి, తీగని కొట్టే హ్యామర్లు మాత్రం దాన్ని తాకవు. ఇప్పుడు రెండో చేత్తో ఎ5ని టక్కున కొట్టి వెంటనే వదిలేయండి. ఎ5 ఆగిపోతుంది గానీ, మీరు పట్టుకున్న రెండు మీటల తీగలూ ఆ ఎత్తులోనే సన్నగా పలుకుతూ ఉంటాయి. ఎఫ్3 తీగలో ఐదో పార్షియల్ (తీగ అసలు స్వరంతోపాటే సన్నగా పలికే పై స్వరం) 873 హెర్ట్జ్, ఎ3 తీగలో నాలుగోది 880. ఆ ఏడు బీట్స్ మిగతా మోతంతా తీసేసినట్టు విడిగా వినిపిస్తాయి. ఎక్కడ వినాలో చెవికి ఇలా ఒకసారి చూపించాక, రెండు మీటల్నీ మామూలుగా నొక్కండి. చుట్టూ రొద ఉన్నా చెవి అక్కడికే పోతుంది. ప్రతి జంటకీ ఇలాంటి చోటు ఒకటి ఉంటుంది. ఎ3, ఇ4 జంటకైతే ఇ5. వాటిని ఖాళీ టైములో వెతికి పెట్టుకోండి.

రొద పెరిగేకొద్దీ మీటని ఇంకా గట్టిగా కొట్టాలనిపిస్తుంది. దానికంటే తల ముందుకు జరపండి. అప్‌రైట్ (నిలువు పియానో) అయితే పై పలక ఎలాగూ తీసేస్తాం కదా, తీగల దగ్గరికి వంగండి. తీగకీ చెవికీ మధ్య దూరం సగమైతే తీగ శబ్దం 6 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. పక్కగది చప్పుడు మాత్రం ఉన్నంతే ఉంటుంది.

ట్యూనింగ్ ఫోర్క్ వినపడటం లేదంటే కాడని చెవి వెనకున్న ఎముకకు ఆనించండి, గాలితో పని లేకుండా లోపలికి పోతుంది. ఎ4ని ఫోర్క్ పలికే 440 హెర్ట్జ్‌కి కుదర్చడానికి నేను నమ్ముకునేది మాత్రం ఎఫ్2 పరీక్షని. ఎఫ్2 నొక్కి పట్టి, ఫోర్క్ కాడని పియానో చెక్కకు ఆనించి బీట్స్ వేగం చూడండి. తర్వాత అదే ఎఫ్2ని ఎ4తో కలిపి నొక్కండి. రెండు వేగాలూ ఒకటైతే ఎ4 కుదిరినట్టే. ఎఫ్2 సరిగ్గా ఉంటే అది సెకనుకు మూడున్నర, కాస్త కిందికి జారి ఉన్నా ఇబ్బంది లేదు, మనం చూసేది సమానమా కాదా అనే. అసలు బీట్సే లేకుండా చేయడం కంటే రెండు వేగాల్ని పోల్చడం రొదలో తేలిక.

ఇన్ని చేసినా కుదరకపోతే ఇంకోరోజు వస్తానని చెప్పి లేవండి. సంకోచం వద్దు. టెంపరమెంట్‌లో పడిన తప్పు ఆ ఒక్క ఆక్టేవులో ఆగదు, అక్కడినుంచి 88 మీటలకీ పాకుతుంది.

ప్రశ్న: మా ఇంటికొచ్చే ట్యూనర్ రాగానే సీలింగ్ ఫ్యాన్ ఆపమంటారు. మా ఫ్యాన్ కొత్తది, చప్పుడే రాదు. ఒక్కోసారి ఫ్రిజ్ కూడా ఆపమంటారు. ఇదంతా నిజంగా అవసరమా, లేక ఆయన చాదస్తమా?
– ఒక గృహిణి

జవాబు: ఫ్యాన్ విషయంలో ఆయన చెప్పిందే సరైనది. ఇక్కడ గొడవ ఫ్యాన్ చేసే చప్పుడుతో కాదు, రెక్కలతో. పియానో శబ్దం నేరుగా చెవికి రావడమే కాదు, పైకప్పుకీ గోడలకీ తగిలి కూడా వస్తుంది. దాన్ని ఫ్యాన్ రెక్కలు కోస్తుంటాయి. టేబుల్ ఫ్యాన్ ముందు కూర్చుని 'ఆ...' అని సాగదీస్తే గొంతు వణికినట్టు వినిపిస్తుందే, చిన్నప్పుడు అందరం ఆడిన ఆట, ఇదీ అదే. ఇప్పుడు లెక్క చూడండి. నెమ్మదిగా తిరిగే ఫ్యాన్ నిమిషానికి 120 చుట్లు అనుకుందాం. సెకనుకు రెండు చుట్లు, మూడు రెక్కలు, అంటే సెకనుకు ఆరు కోతలు. పైన కొత్త ట్యూనర్‌కు చెప్పిన ఎఫ్3, ఎ3 బీట్స్ సెకనుకు ఏడు. ఆరుకీ ఏడుకీ తేడా పట్టుకోవాల్సిన మనిషి నెత్తిమీద ఆరు మోగుతుంటే ఏం చేస్తాడు చెప్పండి. స్పీడు తగ్గించి పెట్టడం మేలనుకుంటారు చాలామంది. ట్యూనర్‌కు అదే ఎక్కువ ఇబ్బంది. ఉక్కగా ఉంటే ఆయన చెమట ఆయన తుడుచుకుంటాడు, పూర్తిగా ఆపేయండి.

ఫ్రిజ్ దగ్గర మాత్రం మీ పక్షమూ కొంత వహిస్తాను. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట ఫ్రిజ్ గూమ్మనే రొద 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. పియానోలో జి2 ఎత్తు 98. ఈ రెండూ కలిసి సెకనుకు రెండు బీట్స్ వినిపిస్తాయి, తీగలో లేనివి. కరెంటు 60 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో ఆ రొద 120 దగ్గర, బి ఫ్లాట్‌కీ బికీ మధ్యన పడుతుంది. అంటే ఫ్రిజ్ అడ్డుపడేది కింది స్వరాల్లో కొన్నిటికే. కంప్రెసర్ కూడా ఎప్పుడూ నడవదు, కాసేపు నడిచి ఆగుతుంది. ఆగినప్పుడు ఆ నాలుగు స్వరాలూ చూసుకుంటే సరిపోతుంది. పియానో, ఫ్రిజ్ ఒకే గదిలో ఉండి తప్పనిసరిగా ఆపాల్సి వస్తే, నేను నా బండి తాళం ఆ ఫ్రిజ్‌లోనే పెడతాను. వెళ్ళేటప్పుడు తాళం కోసం ఫ్రిజ్ తెరవక తప్పదు, అప్పుడు స్విచ్ వేయడం గుర్తొస్తుంది. మీ ట్యూనర్‌కు కూడా ఈ అలవాటు చేయించండి.

ప్రశ్న: ఇప్పుడు ఫోన్లోనే ట్యూనింగ్ యాప్‌లు ఉన్నాయి కదా. యాప్ చూసి తిప్పేసేదానికి ఇంత నిశ్శబ్దం ఎందుకు?
– ఒక విద్యార్థి

జవాబు: యాప్‌ని నేను తిట్టను, నేనూ వాడతాను. అది తనకు కావలసిన ఎత్తు చుట్టూ సన్నటి కిటికీ తెరుచుకుని మిగతాదంతా బయటే ఆపేస్తుంది. అందుకే వాక్యూమ్ రొదలో కూడా, చెవి చేతులెత్తేసిన చోట, యాప్ చాలావరకు నెట్టుకొస్తుంది. కానీ టీవీలో పాట వస్తుంటే అదే ఎత్తులో స్వరం వచ్చి ఆ కిటికీలోంచే దూరుతుంది, సూచిక అటూ ఇటూ ఊగిపోతుంది. పై ఆక్టేవుల్లో తీగ మోగేదే కొద్దిసేపు, అక్కడ చిన్న చప్పుడైనా లెక్క తారుమారు చేస్తుంది.

అంతకంటే ముఖ్యం, చాలా యాప్‌లు మొదట కొన్ని మీటలు వాయించమని ఆ పియానో స్వభావాన్ని కొలుస్తాయి. తీగ మందం, పొడవు బట్టి పార్షియల్స్ కొంచెం పైకి జరుగుతాయి, ఒక్కో పియానోలో ఒక్కోలా. ఆ కొలతల మీదే మొత్తం 88 స్వరాల లెక్క వేస్తుంది. కొలిచేటప్పుడే గోల ఉంటే ఆ తర్వాత మీరు ఎంత శ్రద్ధగా తిప్పినా తప్పు లెక్కకే తిప్పుతుంటారు. ఆ కొద్ది నిమిషాలైనా ఇంట్లోవాళ్ళని ఆగమనండి. ఫోన్‌ని పియానో మూత మీద కాకుండా తీగల దగ్గర, మైకు వాటివైపు ఉండేలా పెట్టండి.

మూడు తీగల యూనిసన్ మాత్రం చెవితోనే ముగించాలి. 1830ల నాటి పారిస్‌లో క్లాద్ మోంతాల్ అనే అంధుడు పియానో ట్యూనర్‌గా పేరు తెచ్చుకున్నాడు, తన తోటి అంధులకు ఆ పని నేర్పాడు. తెర చూడాల్సిన అవసరం లేని పని ఇది అని చెప్పడానికి నాకు ఆయన ఒక్కడు చాలు.

ప్రశ్న: ట్యూనింగ్ మొదలవగానే మా కుక్క మెడ పైకెత్తి ఊళ వేస్తుంది. ట్యూనర్ నవ్వుతారు గానీ నాకు సిగ్గుగా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: సిగ్గెందుకు, దానికి సంగీతం వచ్చేమో. కుక్కలు మనకు వినపడని ఎత్తుల్ని కూడా వింటాయి. పై స్వరాల్ని గట్టిగా పదేపదే కొడుతుంటే వాటికి బాధగా కూడా ఉండొచ్చు. గదిలో కట్టేసి కోప్పడకండి, అలా చేస్తే ఇంకా అరుస్తుంది. మీ ట్యూనర్ పై ఆక్టేవులకు ఎప్పుడొస్తారో ముందే అడిగి, ఆ టైముకి బయట తిప్పి తీసుకురండి.

ప్రశ్న: రోజుకు మూడు నాలుగు పియానోలు చేస్తాను. సాయంత్రానికి చెవుల్లో గుయ్‌మంటోంది. ఇళ్ళలో ఉండే చప్పుళ్ళ వల్లేనా?
– ఒక ట్యూనర్

జవాబు: ఇళ్ళని అనకండి, చాలావరకు మన చేతి చలవే. తీగని బిగించే పిన్ కదలకుండా కూర్చోవాలని మీటని బలంగా కొడతాం. చుట్టూ చప్పుడుంటే తెలియకుండానే ఇంకా బలంగా కొడతాం. అదీ తల తీగల దగ్గర పెట్టుకుని. రోజుకు 8 గంటలైతే 85 డెసిబెల్స్ దాటకూడదని అమెరికాలో పనిచోట్ల భద్రత చూసే నియోష్ సంస్థ చెబుతుంది. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైము సగానికి తగ్గిపోతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు. పై ఆక్టేవుల్లో గట్టిగా కొట్టే దెబ్బలు ఈ అంకెల్ని తేలిగ్గా దాటుతాయి.

సంగీతకారుల కోసం చేసే ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోండి. మామూలు స్పాంజివి పై ఎత్తుల్ని ఎక్కువగా తినేస్తాయి. ఇవైతే అన్నిటినీ దాదాపు ఒకేలా తగ్గిస్తాయి. బీట్స్ వినపడవేమోనని భయపడతారు చాలామంది. పియానో ఎంత తగ్గితే పక్కగది చప్పుడూ అంతే తగ్గుతుంది కాబట్టి బీట్స్ ఎక్కడికీ పోవు. అలవాటు పడటానికి మాత్రం కొంతకాలం పడుతుంది. దీనివల్ల రొద అణిగి బీట్స్ ఇంకా బాగా వినపడతాయని ఆశ మాత్రం పెట్టుకోవద్దు. ఇక ఆ గుయ్ మనడం రాత్రి నిద్రపోయి లేచాక కూడా ఉంటే చెవి డాక్టర్‌కు చూపించుకోండి, వాయిదా వేయకండి.

ప్రశ్న: ట్యూనర్ పని ముగించి వెళ్ళాక, ఒకే ఒక్క మీట నొక్కినప్పుడు 'జ్జ్' మని మోత వస్తోంది. పని సరిగ్గా చేయలేదంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: ఆయన్ని అనేముందు గదంతా ఒకసారి చూడండి. తీగ శ్రుతికొచ్చాక దాని ఎత్తు మారుతుంది. అంతకుముందు కదలని వస్తువేదో ఇప్పుడు ఆ ఎత్తుకు అదరడం మొదలుపెడుతుంది. ఇంట్లో ఎవరినైనా ఆ మీట నొక్కుతూ ఉండమనండి. మీరు ఒక్కో వస్తువు మీదా చెయ్యి వేసి అదమండి. పియానో మీదున్న ఫొటో ఫ్రేము, దీపం స్టాండు, కిటికీ అద్దం, అల్మారా గాజు తలుపు, గోడ గడియారం. చెయ్యి వేయగానే ఎక్కడ ఆగిపోతే అదే దొంగ. కింద చిన్న ఫెల్ట్ ముక్క పెడితే చాలు. గదిలో ఏదీ కాకపోతే పియానో లోపల చూడాలి. పెన్సిలు, నాణెం, హెయిర్ క్లిప్ పడి ఉండటం మామూలే. అదీ కాకపోతే ఆయనకి ఫోన్ చేయండి. ఏ మీటో, మెల్లగా నొక్కినా వస్తోందా గట్టిగా కొడితేనే వస్తోందా, పెడల్ తొక్కితే మారుతోందా, ఈ మూడూ చూసి చెబితే ఆయన దానికి తగిన సరంజామాతో వస్తారు.